తోడల్లుళ్లు, దుంగలు, తొమ్మిది లక్షల ఎకరాలు

కలప వ్యాపారానికి మిగతా వ్యాపారాలకు లేని చిక్కు ఒకటి ఉంది. వరి నాలుగైదు నెలల్లో చేతికొస్తుంది, చెరకుకు ఏడాది చాలు, కొబ్బరి కొన్నేళ్లకు కాపుకొస్తుంది. ఇంటికి దూలాలూ తలుపులకు చెక్కలూ ఇచ్చే పెద్ద చెట్టు మాత్రం నలభై యాభై ఏళ్లు నిలబడితే తప్ప కోతకు రాదు కాబట్టి, మొక్క నాటినవాడే దాన్ని అమ్మి లాభం కళ్లజూడడం అరుదు. అందువల్ల ఈ వ్యాపారం రెండు దారుల్లోనే సాగుతుంది: ఎవరూ నాటని అడవిని వెతికి కొట్టుకుంటూ పోవడం ఒకటి, మనవల కోసం నాటడం మరొకటి. అమెరికాలో అతిపెద్ద కలప కుటుంబంగా పేరుపొందిన వేర్‌హౌజర్ వంశం మొదటి దారిలో అర్ధ శతాబ్దం నడిచి, తర్వాత రెండో దారి పట్టింది. ఈ మలుపును దూరదృష్టికి నిదర్శనంగా చెప్పడం రివాజు. జరిగిన క్రమాన్ని వరుసగా పరిశీలిస్తే మాత్రం అంతకంటే సాదా కారణం కనిపిస్తుంది: కొత్త అడవి కోసం పడమటికి కదులుతూ పోయినవారికి చివరికి పసిఫిక్ మహాసముద్రం అడ్డొచ్చింది.

ఈ వంశానికి మూలపురుషుడైన ఫ్రెడరిక్ వేర్‌హౌజర్ 1834లో జర్మనీలోని మైంజ్ నగరానికి దగ్గరలో ఉన్న నీడర్‌సాల్‌హైమ్ అనే ద్రాక్షతోటల ఊళ్లో పుట్టాడు. పన్నెండేళ్లకే తండ్రిని పోగొట్టుకుని, 1852లో పదిహేడేళ్ల వయసులో అమెరికా చేరి, పెన్సిల్వేనియాలో కొంతకాలం కూలి పనులు చేసి, 1856లో మిసిసిపీ ఒడ్డున ఉన్న ఇల్లినాయ్ పట్టణం రాక్ ఐలాండ్‌కు వెళ్లి అక్కడి కోతమిల్లులో పనికి కుదిరాడు. దుంగలు కోసి పలకలు, దూలాలు తీసే మిల్లులో లెక్కలు రాయడం, సరుకు అమ్మడం నేర్చుకున్న ఈ కుర్రవాడికి యజమానులు కోల్ వ్యాలీ అనే పక్క ఊళ్లోని కలప అడితిని అప్పగించారు. 1857 నాటి ఆర్థిక సంక్షోభంలో చేతిలో రొక్కం లేని రైతులు ధాన్యం, పందులు, గుడ్లు తెచ్చి ఇస్తే వాటికి బదులుగా పలకలిచ్చి, ఆ ధాన్యాన్నీ పశువులనూ మరోచోట సొమ్ము చేసుకుంటూ అతడు అడితిని నిలబెట్టగా, అతడికి ఉద్యోగమిచ్చిన మిల్లు మాత్రం దివాలా తీసింది. ఆ మిల్లునే 1860లో ఫ్రెడరిక్, డెంక్‌మన్ అనే మరో జర్మన్ వలసదారు కలిసి కొన్నారు.

వీరిద్దరూ బ్లోడెల్ ఇంటి అక్కచెల్లెళ్లను పెళ్లాడినవారు. ఇంగ్లీషులో బావకూ బావమరిదికీ తోడల్లుడికీ ఒకే మాట సరిపెట్టడం వల్ల ఈ చుట్టరికం ఆ భాషలో చదివేవారికి వెంటనే స్ఫురించదు గాని, తోడల్లుళ్లు పెట్టిన మిల్లు అంటే తెలుగువారికి విడమరచి చెప్పనక్కర్లేదు. యంత్రాలు తెలిసిన డెంక్‌మన్ మిల్లు చూసుకునేవాడు. మనుషులు తెలిసిన ఫ్రెడరిక్ దుంగలు కొనడానికి, సరుకు అమ్మడానికి ఊళ్లు తిరిగేవాడు. ఈ పని విభజన దశాబ్దాల పాటు చెదరలేదు, రెండిళ్ల వారసులు కూడా తర్వాతి తరాల్లో పొత్తు విడదీసుకోలేదు.

రాక్ ఐలాండ్ మిల్లుకు కావలసిన తెల్ల పైన్ దుంగలు ఎగువన విస్కాన్సిన్ అడవుల నుంచి, ముఖ్యంగా మిసిసిపీకి ఉపనది అయిన చిప్పెవా పరీవాహక ప్రాంతం నుంచి రావాలి. రైలు లేని చోట కలపకు నదే రోడ్డు; భద్రాచలానికి ఎగువ అడవుల కలప తెప్పలుగా గోదావరి మీద రాజమహేంద్రవరం చేరినట్టే ఇక్కడా దుంగలు నీటి మీదే కదిలేవి. చలికాలంలో కూలీలు చెట్లు నరికి మంచు మీద జారుడుబండ్లతో ఏటి గట్టుకు చేరవేసేవారు. వసంతంలో మంచు కరిగి ఏరు పొంగగానే దుంగలన్నిటినీ ప్రవాహంలోకి దొర్లించేవారు. అందరి దుంగలూ ఒకే నీటిలో కలిసిపోతాయి కనుక, ఏది ఎవరిదో తెలియడానికి ప్రతి యజమానికీ ఒక నమోదైన గుర్తు ఉండేది. బెరడు మీద గొడ్డలితో ఒక గాటు, కోసిన మొదలు మీద ఉబ్బెత్తు అచ్చున్న సుత్తితో ఒక ముద్ర వేసేవారు. మందలోని పశువుకు వాతపెట్టడం లాంటిదే ఇది. దిగువన తేలే దుంగలనే ఇనుప గొలుసులతో వరుసగా కట్టి నీటికి అడ్డంగా వేసే కంచెను బూమ్ అంటారు. చిప్పెవా వచ్చి మిసిసిపీలో కలిసే చోట, ప్రవాహం మందగించే బీఫ్ స్లూ అనే నదీపాయలో ఇలాంటి బూమ్ వేసి, కొట్టుకొచ్చిన దుంగలను ఆపి, ముద్ర చూసి వేరుచేసి, తెప్పలు కట్టి, స్టీమర్లతో దిగువ మిల్లులకు పంపేవారు.

అయితే అదే చిప్పెవా నది మీద ఎగువన కూడా మిల్లులున్నాయి. ఆ మిల్లుల వాళ్లకు బీఫ్ స్లూ బూమ్ కంటగింపు. తమ ఏటి దుంగలను దిగువ ఊళ్లవాళ్లు ఎగరేసుకుపోతున్నారన్నది వాళ్ల ఫిర్యాదు. 1860ల చివర ఈ తగాదా శాసనసభ దాకా, కోర్టుల దాకా, ఒక దశలో దుంగల మీద నిలబడి కొట్టుకునే దాకా వెళ్లింది. దిగువ మిల్లుల యజమానులంతా విడివిడిగా పోట్లాడితే నెగ్గలేమని గ్రహించి 1870 ప్రాంతంలో మిసిసిపీ రివర్ లాగింగ్ కంపెనీ పేరుతో జట్టుకట్టగా, 1872లో దానికి ఫ్రెడరిక్ అధ్యక్షుడయ్యాడు.

అతడి వ్యాపార పద్ధతి తేటతెల్లమైన సందర్భం 1880 జూన్ వరద. ఆ వరదకు ఎగువ మిల్లుల బూములు తెగి, వాటి ఏడాది సరుకంతా బీఫ్ స్లూ వరకు కొట్టుకొచ్చి పోటీదారుల చేతిలో పడింది. దుంగను ఏటికి ఎదురుగా తిరిగి పంపడం సాధ్యం కాదు, రైలు మీద పంపితే దుంగ ఖరీదు కంటే కిరాయి ఎక్కువ; అంటే ఎగువవాళ్లు నిలువునా మునిగినట్టే. చేజిక్కిన అదనును వాడుకుని శత్రువును తుడిచిపెట్టవచ్చు. ఫ్రెడరిక్ అలా చేయలేదు. కొట్టుకొచ్చిన దుంగలను తాము ఉంచుకుని, ఎగువ అడవుల్లో ఇంకా నీట పడని తమ దుంగల్లోంచి అంత కొలతనూ వాళ్లకు వదిలేస్తామని ప్రతిపాదించాడు. మార్పిడికి ప్రమాణం బోర్డు అడుగు: అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న చెక్కముక్కను ఒక బోర్డు అడుగుగా లెక్కిస్తారు, ఇలాంటివి పన్నెండయితే ఒక ఘనపుటడుగు. దుంగ ఎవరి ముద్రతో ఉన్నా, ఇన్ని బోర్డు అడుగులకు ఇన్ని బోర్డు అడుగులు చెల్లు. పదేళ్ల వైరం ఈ లెక్కతో చల్లారింది. మరుసటి ఏడాదే ఎగువ దిగువ మిల్లులు కలిసి నది సరుకంతటినీ ఉమ్మడిగా కొని వాటాలు వేసుకునే ఏర్పాటు చేసుకున్నాయి. అదే కాలంలో ప్రపంచంలోనే పెద్ద కోతమిల్లుల్లో ఒకటని చెప్పుకునే చిప్పెవా ఫాల్స్ మిల్లు కూడా ఫ్రెడరిక్ జట్టు చేతికి వచ్చింది. ఉదారత, లాభం ఇంత చక్కగా కలిసిరావడం వ్యాపార చరిత్రలో తరచుగా జరిగేది కాదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఫ్రెడరిక్ తన జీవితకాలంలో ఏకైక మహా కంపెనీ ఏదీ నడపలేదు. ఒక నదికి ఒక కంపెనీ, ఒక మిల్లుకు మరొకటి, ఒక అడవికి ఇంకొకటిగా పదుల కొద్దీ సంస్థలు ఉండేవి. ఒక్కోదానిలో భాగస్వాములు వేరు, వాటాలు వేరు, చాలా వాటిలో వేర్‌హౌజర్‌లది సగం కంటే తక్కువే. కొడుకులు నలుగురినీ వేర్వేరు ఊళ్లలోని వేర్వేరు సంస్థల్లో పనికి పెట్టాడు. మన ఉమ్మడి కుటుంబంలో ఆస్తి ఒకటే ఉండి పంపకాల దగ్గర తగాదా వస్తుంది; ఇక్కడ ఆస్తి మొదటి నుంచీ ముక్కలుగానే ఉండి, నమ్మకం మాత్రం ఉమ్మడిగా ఉంది. ఈ వంశం మూడు నాలుగు తరాల పాటు విడిపోకుండా ఉండడానికి రక్తసంబంధం ఎంత కారణమో, ఈ అమరిక కూడా అంతే కారణమనిపిస్తుంది.

నమ్మకం గురించి చెప్పేటప్పుడు ఆ పైన్ చెట్లు ఎవరివన్న ప్రశ్న దాటవేయడం న్యాయం కాదు. విస్కాన్సిన్, మిన్నెసోటాల్లోని పైన్ అడవుల్లో పెద్దభాగం ఒజిబ్వే తెగ ప్రజలది. 1837లో జరిగిన ఒప్పందంతో అమెరికా ప్రభుత్వం దాన్ని వాళ్ల దగ్గర తీసుకుని, కలప వ్యాపారులకు దారి తెరిచింది. కొట్టిన అడవిని తిరిగి పెంచడం అనే ఆలోచన అప్పట్లో ఎవరికీ లేదు. చెట్టు పోయాక నేల సాగుకు పనికొస్తుందనుకున్నారు గాని, ఇసుక నేలల్లో ఆ ఆశ చాలాచోట్ల ఫలించలేదు. కొమ్మలు, చితుకులు, బెరడు అలాగే వదిలేసిన నేలల్లో నిప్పు పడితే ఆపడం ఎవరి తరమూ కాదు. 1871లో విస్కాన్సిన్‌లోని పెష్టిగో దావానలంలో వెయ్యి మందికి పైగా, 1894లో మిన్నెసోటాలోని హింక్లీ మంటల్లో నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. శతాబ్దం చివరికి చిప్పెవా నది మీద దుంగల రద్దీ సన్నగిల్లింది; చిప్పెవా ఫాల్స్ మిల్లు 1911లో మూతపడింది.

అప్పటికే కుటుంబం దృష్టి పడమటి తీరం మీదకు మళ్లింది. 1891లో ఫ్రెడరిక్ మిన్నెసోటాలోని సెయింట్ పాల్ నగరంలో సమ్మిట్ అవెన్యూలో ఇల్లు తీసుకోగా, పక్కింట్లోనే రైల్వే అధిపతి జేమ్స్ హిల్ ఉండేవాడు. ఖండం మధ్య నుంచి పసిఫిక్ వరకు పట్టాలు వేసినందుకు ప్రతిఫలంగా నార్తర్న్ పసిఫిక్ రైల్వేకు 1864 చట్టం కింద ప్రభుత్వం భూములిచ్చింది; దారికి ఇరువైపులా చదరపు మైలు గళ్లుగా గీసి, ఒక గడి రైల్వేకు, దాని పక్క గడి ప్రభుత్వానికి వదలడంతో పటం మీద ఆ భూములు చదరంగం బల్లలా కనిపించేవి. 1893 సంక్షోభంలో ఆ రైల్వే దివాలా తీశాక హిల్ దాన్ని తన పట్టులోకి తెచ్చుకున్నాడు. అతడికి డబ్బు కావాలి, రైలు పెట్టెలకు సరుకూ కావాలి. పొరుగింటాయనకు చెట్లు కావాలి. 1900 జనవరిలో ఒప్పందం కుదిరింది: వాషింగ్టన్ రాష్ట్రంలో తొమ్మిది లక్షల ఎకరాలు, అంటే సుమారు 3,640 చదరపు కిలోమీటర్ల అడవి, ఎకరం 6 డాలర్ల చొప్పున మొత్తం 54 లక్షల డాలర్లు; 30 లక్షలు ముందుగా, మిగతా సొమ్ము ఆరునెలలకొక వాయిదా చొప్పున ఎనిమిది వాయిదాల్లో. ఆ నెలలోనే టకోమా నగరంలో వేర్‌హౌజర్ టింబర్ కంపెనీ రిజిస్టరైంది. అందులో తోడల్లుళ్ల సంస్థ వాటా మూడోవంతు కూడా లేదు. భాగస్వాముల పట్టుదల వల్లే కంపెనీకి ఆ పేరు వచ్చింది.

ఈ అడవుల్లో ప్రధాన వృక్షం డగ్లస్ ఫర్. డేవిడ్ డగ్లస్ అనే స్కాట్లండ్ వృక్షశాస్త్రవేత్త పేరు మీద పిలిచే ఈ చెట్టు రెండు వందల అడుగులకు మించి పెరుగుతుంది, శతాబ్దాలు బతుకుతుంది. కంపెనీ మొదటి మేనేజర్ జార్జ్ లాంగ్ తొలి ఏళ్లలో నరకడం కంటే కొనడం మీదే ఎక్కువ దృష్టి పెట్టాడు. తూర్పున పైన్ అయిపోయేకొద్దీ నిలిచి ఉన్న చెట్టు ధర పెరుగుతుందన్నది అతడి లెక్క. 1902 సెప్టెంబరులో యాకోల్ట్ ప్రాంతంలో రేగిన మంటలు రెండు లక్షలకు పైగా ఎకరాలను, కనీసం 38 మంది ప్రాణాలను మింగాయి. కాలిపోయిన వాటిలో కంపెనీ అడవి కూడా చాలా ఉంది. నిలబడి ఉన్న చెట్టే పెట్టుబడి అయినప్పుడు నిప్పే దొంగ అవుతుంది కాబట్టి, 1908లో భూస్వాములంతా కలిసి వాషింగ్టన్ ఫారెస్ట్ ఫైర్ అసోసియేషన్ పెట్టి గస్తీలు ఏర్పాటు చేసుకున్నారు. దానికి లాంగ్ అధ్యక్షుడు. ఇంత భూమి ఒకే గుంపు చేతిలో పడడం పత్రికలకు, ప్రభుత్వానికి కూడా కంటగింపైంది. 1907లో కాస్మొపాలిటన్ పత్రిక ఫ్రెడరిక్‌ను రాక్‌ఫెల్లర్‌ను మించిన ధనవంతుడిగా చిత్రించింది, అందులో అతిశయోక్తి పాలే ఎక్కువ. 1914లో అతడు మరణించేనాటికి కుటుంబం పని చదరంగం బల్ల మీది తెల్ల గళ్లను కాపలా కాయడమే.

అసలు మార్పు రెండు, మూడు తరాల కాలంలో వచ్చింది. నరికిన నేలను అట్టిపెట్టుకోవాలా, వదిలేయాలా అన్న ప్రశ్నకు జవాబు చెట్టులో కాక పన్నులో ఉంది. ఆ కాలంలో నిలబడి ఉన్న చెట్టు మీద ఏటా ఆస్తి పన్ను కట్టాలి, అంటే ఒకే పంటకు అరవై ఏళ్లు వరసగా శిస్తు చెల్లించినట్టు. అలాంటప్పుడు త్వరగా నరికి, బోడి నేలను పన్ను ఎగ్గొట్టి వదిలేయడమే తెలివైన పని అయింది. వందలాది కంపెనీలు అదే చేశాయి. 1931లో వాషింగ్టన్ రాష్ట్రం మళ్లీ పెరుగుతున్న అడవి నేల మీద ఏటా నామమాత్రపు పన్ను వేసి, అసలు పన్ను కోత రోజున వసూలు చేసే చట్టం తెచ్చింది. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తిరస్కరించినా అక్కడి కాంగ్రెస్ 1944లో పట్టుబట్టి నెగ్గించుకున్న పన్ను చట్టం, చెట్లు కొట్టగా వచ్చిన ఆదాయాన్ని దీర్ఘకాలం ఉంచిన ఆస్తి మీద లాభంగా పరిగణించి తక్కువ రేటు వర్తింపజేసింది. ఓపిక పట్టడం లాభదాయకమైన తర్వాతే ఓపిక అలవడిందని చెప్పడం కాస్త కటువుగా ఉండవచ్చు గాని, తేదీల వరుస అదే సూచిస్తుంది.

ఈ మలుపులో ఫ్రెడరిక్ మనవడు, ఫిల్ అని అందరూ పిలిచిన జె.పి. వేర్‌హౌజర్ జూనియర్‌ది ముఖ్య పాత్ర. 1933 నుంచి 1956 వరకు కంపెనీని నడిపిన అతడి హయాంలో, 1941 జూన్‌లో వాషింగ్టన్ రాష్ట్రంలోని మాంటెసానో దగ్గర సుమారు లక్షా ఇరవై వేల ఎకరాల నరికిన నేలను క్లెమన్స్ ట్రీ ఫామ్‌గా ప్రకటించారు. ట్రీ ఫామ్ అనే మాట ఎంపిక వెనుక యుక్తి ఉంది: ఖాళీ నేల అనుకుంటే వేటగాడు సిగరెట్ పీక విసిరేసి పోతాడు, పొలం అనుకుంటే జంకుతాడు. అంతకు ముందే 1931లో లాంగ్‌వ్యూ పట్టణంలో పెట్టిన గుజ్జు కార్ఖానా, అప్పటిదాకా అంతగా గిరాకీ లేని హెమ్లాక్ చెట్టును కాగితపు ముడిసరుకుగా మార్చి, అడవిలో వ్యర్థమన్న మాటకు అర్థం మార్చేసింది. ఈ వివరాల మధ్య 1935 మే నాటి విషాద ప్రకరణం కుటుంబానికి మాత్రమే సంబంధించినదైనా దేశమంతా మోగింది: ఫిల్ కొడుకు, 8 ఏళ్ల జార్జ్‌ను టకోమాలో ఎత్తుకుపోయి, 2 లక్షల డాలర్లు తీసుకుని వారం తర్వాత విడిచిపెట్టారు, చెల్లించిన నోట్ల నంబర్ల ఆధారంగా నేరస్థులు దొరికారు.

ఆ జార్జే 1966లో కంపెనీ అధ్యక్షుడై 1991 దాకా సారథ్యం వహించాడు. అప్పటికే, 1963లో, కంపెనీ వాటాలు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజికి ఎక్కాయి, అంటే ముత్తాతగారి కాలంలో పరిచయస్థుల మధ్య ఉన్న భాగస్వామ్యం బజారుకు వచ్చింది. అతడి హయాంలో అడవిని పూర్తిగా సాగుపంటలా చూశారు: మేలైన తల్లిచెట్ల విత్తనాలతో నర్సరీ మొక్కలు పెంచి, కోత పూర్తయిన ఏడాదిలోపే నాటి, ఎరువు వేసి, మధ్యలో పలచన చేసి, కోత వయసును తగ్గించారు. శతాబ్దాల వయసున్న చెట్ల అడవికీ, ఒకే వయసు చెట్ల తోటకూ ఉన్న తేడాను పర్యావరణవాదులు ఎత్తిచూపారు. ఆ విమర్శలో నిజముంది, ఎందుకంటే గుడ్లగూబకు కావలసిన తొర్ర నలభై ఏళ్ల చెట్టులో ఏర్పడదు. 1969లో ఆర్కన్సా, ఓక్లహోమాల్లోని డీర్క్స్ అనే మరో కుటుంబపు కలప సంస్థను సుమారు 18 లక్షల ఎకరాలతో సహా కొనేశారు. ఒక వంశం నిలవాలంటే మరో వంశం అమ్ముకోవలసి వచ్చింది.

1980 మే 18న సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు కంపెనీ అడవి సుమారు 68 వేల ఎకరాలు నేలకూలింది. రెండేళ్లు తిరగకముందే కుళ్లిపోయే కలపను బయటికి తీయడానికి కూలీలు, లారీలు బూడిద తుపానులో పనిచేశారు. రంపాల పళ్లు ఆ బూడిదకు త్వరగా మొద్దుబారేవి. దాదాపు 85 కోట్ల బోర్డు అడుగుల కలప బయటికి వచ్చింది. తర్వాత నాటే పని. పైనున్న బూడిద పొరలో వేరు పట్టదు కాబట్టి, నాటేవాడు ముందుగా పారతో బూడిద పక్కకు లాగి, కింద పాత మట్టి కనబడ్డాకే గుంత తీసి మొక్క పెట్టాలి; ఇలా 1987 నాటికి ఒక కోటీ 84 లక్షల మొక్కలు, ఒక్కొక్కటి చేత్తోనే, నాటారు.

జార్జ్ తర్వాత కంపెనీ అధిపతిగా ఆ ఇంటి పేరున్న వారెవరూ రాలేదు. 2022లో 95 ఏళ్ల వయసులో అతడు మరణించాడు. 2010లో కంపెనీ తనను స్థిరాస్తి పెట్టుబడి ట్రస్టుగా మార్చుకుంది. ఈ తరహా సంస్థ లాభం మీద కంపెనీ పన్ను కట్టనక్కర్లేదు గాని, పన్ను లెక్కకు వచ్చే ఆదాయంలో 90 శాతాన్ని వాటాదారులకు ఏటా పంచిపెట్టాలి. అంటే మనవల కోసం దాచిపెట్టే పెట్టె మూత నిబంధన ప్రకారమే తెరిచి ఉంటుంది. 2016లో ప్లమ్ క్రీక్ అనే మరో కలప సంస్థను తనలో కలుపుకుని, ప్రధాన కార్యాలయాన్ని సియాటిల్‌కు మార్చింది. ఆ ప్లమ్ క్రీక్ ఆస్తికి పునాది 1864 చట్టం కింద నార్తర్న్ పసిఫిక్ రైల్వేకు దక్కి, 1900లో అమ్మకుండా మిగుల్చుకున్న చదరంగం గళ్లే. సమ్మిట్ అవెన్యూలో పక్కపక్క ఇళ్లవారు బేరం చేసుకున్నప్పుడు హిల్ వైపు ఉండిపోయిన ఆ గళ్లలో కొన్ని, 116 ఏళ్ల తర్వాత, ఫ్రెడరిక్ పేరు మోసే కంపెనీ చేతికి వచ్చాయి.